మా అత్త పెట్టెలోకి కుట్టించుకున్న జాకెట్టు

"ఆ జాకెట్టు ఇప్పు అత్తా, పొద్దు పోతంది. లేసు ఊడదీసి పిల్ల గౌనుకి ఎయ్యాలి."

"ఇప్పను."

"ఇప్పకపోతే రేపు పిల్ల మెడ పూర్తవని గౌనుతో గుడికెల్తాదేటి?"

"ఎల్లనీ. ఫాదరు గారు నోరు సూసి పెసాదం పెడతారు గానీ మెడ సూసి పెడతారేటి?"

"మట్టిలోకి పోయేదానికి అంత లేసా అత్తా. సెదలకి సోకు సేత్తన్నావు."

"సెదలకైతే ఏటి, నీకైతే ఏటి. ఇద్దరూ కొరికేవోలే."

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక శనివారం సాయంత్రం, అనకాపల్లిలో మా ఇంటి ముందు గదిలో జరిగిన తగువులో ఇది నడిమి ముక్క. మొదలు ఎక్కడో ఇప్పుడు గుర్తు లేదు, అప్పుడూ సరిగ్గా తెలియదు. ఆ రోజుల్లో మా వీధిలో అత్తాకోడళ్ళు తగువులాడుకోవడానికి మంచి మంచి కారణాలే ఉండేవి. కుళాయి దగ్గర బిందెల వరస, కొడుకు జీతం ఎవరి చేతికి రావాలి, టీవీలో ఎవరి సీరియలు పెట్టాలి, ఇలాంటివి. మేమిద్దరం మాత్రం ఇంకా పోని మనిషి పోయేనాటికి కుట్టిన జాకెట్టు కోసం తగువులాడుకున్నాం. ఎదురింటివాళ్ళు టీవీ కట్టేసి మరీ విన్నారు. (ఆ పూట వాళ్ళకి కరెంటయినా మిగిలింది, నాకు అదీ లేదు.)

ఆ లేసు సంగతి ముందు చెప్పాలి. మా అత్త చిన్నప్పుడు సిస్టర్ల బోర్డింగులో పెరిగింది. వాళ్ళు ఆమెకి జపమాల చెప్పడం, బట్టలకి గంజి పెట్టడం, కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. మూడూ చచ్చేదాకా వదల్లేదు. పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చుని అల్లేది. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చి, లేసు తూకం వేసి పట్టుకుపోయేవాడు. ఆ లేసు బల్లగుడ్డలకీ దిండు గలీబులకీ అంచులై ఓడలెక్కి ఎక్కడికో పోయేది. ఎక్కడికత్తా అంటే "తెల్లోల దేశం" అని చెయ్యి సముద్రం వైపు ఊపేది, పూడిమడక రేవు దాటితే ఆ దేశమే అన్నట్టు. ఆ దేశంవాళ్ళు ఆమె అల్లిన లేసు మీద పళ్ళేలు పెట్టుకుని తిన్నారు, తలలు పెట్టుకుని పడుకున్నారు. ఆమె మాత్రం కళ్ళు మసకబారేదాకా అల్లి, అంచు అతుకు పడ్డ చీరలే కట్టుకుంది. లేసు ఆమె ఇంట్లో పుట్టేది గానీ ఆమె ఒంటి మీదికి ఒక్కనాడూ వచ్చింది కాదు.

అయితే అల్లిక ముగిశాక కత్తిరించేసే జానెడు, బెత్తెడు దారపు కొసలు ఏజెంటు అడిగేవాడు కాదు. ఆ కొసలన్నీ మా అత్త ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి, ఒకదానికొకటి ముడేసి, తనకోసం మెడకొకటి, చేతులకి చెరొకటి, మూడు పట్టీల లేసు అల్లుకుంది. నాలుగు వేళ్ళ వెడల్పు, పైన సన్నగళ్ళు, కింద వరసగా విసనకర్రల ఆకారాలు. ఏళ్ళ తరబడి పోగైన దారం కదా, ఒక విసనకర్ర పాలలా ఉంటే దాని పక్కది గంజిలా ఉండేది. తిరగేస్తే వెనక అంతా ముడులే, బియ్యం నూకలా వేళ్ళకి తగిలేవి. నన్ను పిసినారి అని వీధి వీధంతా అనేది గానీ, ఆ ముడులు మొదటిసారి తడిమిన రోజున నాకు నా గురువు కనబడింది. (ఆ మాట ఆమెతో అనలేదు. అంటే నెత్తికెక్కి కూర్చునేది.) "ఇది నేను పెట్టెలోకి ఏసుకెల్తాను" అని, అంటే శవపెట్టెలోకి, ఆమె అందరికీ ముందే చెప్పి ఉంచింది.

నా సంగతి పెద్దగా లేదు. ఐదో తరగతితో బడి మానిపించారు. ఇద్దరు పిల్లలు పుట్టాక పక్క వీధిలో ఒకావిడ దగ్గర కుట్టు నేర్చుకుని, పాత తొక్కుడు మిషను ఒకటి కిటికీ దగ్గర వేసుకుని పని మొదలుపెట్టాను. చీరలకి ఫాల్సు, లంగాలు, అప్పుడప్పుడే ఊళ్ళోకి దిగుతున్న నైటీలు, ఇవే. నన్ను "ముక్కలమ్మ" అనేవారు. మిగిలిన గుడ్డముక్క అడగనివాళ్ళకి ఇచ్చేదాన్ని కాదు, అడిగినవాళ్ళకి వెతుకుతానని చెప్పేదాన్ని. మా ఇంట్లో దిండ్లన్నీ ఊళ్ళోవాళ్ళ జాకెట్ల చేతులే. అయినా నన్ను పెద్ద టైలరని ఎవరూ అనుకోలేదు. జాకెట్టు అంటే మెయిన్ రోడ్డులో మగ టైలరు దగ్గరికి పోవడం, చిరిగితే నా దగ్గరికి రావడం. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు.

అలాంటి వేళ మా పెద్దపిల్లకి మొదటి సత్ప్రసాదం వచ్చింది. మా కేథలిక్కుల్లో పిల్లలు మొదటిసారి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదరు గారు నోట్లో పెట్టే అప్పం, తీసుకునే రోజు చిన్న పెళ్ళిలాంటిది. ఆడపిల్లలందరికీ తెల్ల గౌన్లు, చేతిలో కొవ్వొత్తులు. ఆ పూజకి ఊరూ ఉంటుంది, బుచ్చయ్యపేట వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. నా చేతిపని నలుగురి కళ్ళల్లో పడాలంటే అంతకన్నా అదను ఉండదు. నైలాను లేసు ఎవరైనా వేస్తారు, చేత్తో అల్లిన లేసు వేసిన గౌను ఇంకెవరి పిల్లకి ఉంటుంది? మట్టిలో కలిసే లేసుని పైన తిప్పుదామన్నది నా ఆలోచన. మా పిల్ల ఆలోచన వేరే. "నాకు షాపు లేసే కావాలి, మెరుపులుండేది. నానమ్మ లేసు చేపల వలలాగుంది" అని అది ముందే చెప్పేసింది. దాని మాట ఎవరిక్కావాలి. గౌను దానిదే గానీ తగువు మాది.

మా ఆయన బెల్లం యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. ఏ చిక్కు తెచ్చినా దాన్ని రెండు దిమ్మలు చేసి చెరో దిమ్మా చేతిలో పెట్టడమే ఆయనకి తెలిసిన తీర్పు. "మద్దికి కోసేసి సెరో సగం తీసుకోండి" అన్నాడు. అంతకు ముందు, ఆ తర్వాత ఎన్నడూ లేనట్టు నేనూ మా అత్తా ఒక్కటై ఆయన మీద పడ్డాం. కొక్కెం లేసుని మధ్యలో కత్తిరిస్తే గళ్ళు ఒకదాని వెంట ఒకటి విడిపోయి, చేతిలో దారం మిగులుతుంది. "బెల్లం అనుకున్నావేటిరా, కొట్టి ముక్కలు సెయ్యడానికి" అని మా అత్త, "అన్నం తిని పనికెళ్ళండి" అని నేను. ఆయన అన్నం తినకుండానే వెళ్ళాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. లేసు ఇద్దరికీ. సత్ప్రసాదం నాడు పిల్ల గౌనుకి, ఆ తర్వాత ఎప్పటికీ అత్త జాకెట్టుకి. కానీ అక్కడా ఆమెకి అనుమానం. "ఈలోపల నేను పోతే? నువ్వు ఆ గోలలో గౌనుకే ఉంచేత్తావు. ముందు నా జాకెట్టు కుట్టు, ఆ పొద్దుకి తీసి దానికి ఏద్దువు" అంది. సరే అన్నాను. అయితే మిషను వెయ్యనని కచ్చితంగా చెప్పాను. చేత్తో దూరం దూరంగా వేసి, పని కాగానే ఒక్క లాగులో తీసేసే కచ్చా కుట్టు ఉంటుంది కదా, అదే వేస్తానన్నాను. ఆమెకి అర్థమైంది. "నన్ను పెట్టెలో పెట్టేక కూడా ఒక్క లాగులో తీసేద్దావని కదా" అంది. "ఆ రోజు సంగతి ఆ రోజు" అన్నాను. "లాగి సూడు. నా సెయ్యి లేచి నీ సెంప మీద పడతాది" అంది.

ఇక కొలతలు. నా జన్మలో అంత నస పెట్టిన గిరాకీ లేదు. చంకల కింద బిగుతు అంది. పడుకున్నవాళ్ళకి బిగుతేమిటి అంటే, "సివరి రోజునైనా బిగుతు లేకుండా ఉండనీ" అంది. చేతులు మోచేతి దాకా కావాలంది, లేసు మెడకీ చేతులకీ రావాలంది. నాకూ పట్టుదల వచ్చింది. నిలబడ్డ మనిషికి సరిపోయిన మెడ పడుకుంటే గడ్డం కిందికి ఎగదన్నుతుంది. అందుకని పడుకుని చూపించమన్నాను. ఆమె తెల్లచీర కట్టి, జాకెట్టు తొడిగి, ముందుగది మంచం మీద వెల్లకిలా పడుకుంది. అలవాటు కొద్దీ చేతులు గుండెల మీద పెట్టి, జపమాల చుట్టుకుని, కళ్ళు మూసుకుంది. నేను గుండుసూదులు నోట్లో పెట్టుకుని కాళ్ళ దగ్గర నిలబడి మెడ వాలు చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే పూడిమడక చేపలామె గుమ్మంలోకి వచ్చింది. గంప పడేసినట్టు కింద పెట్టి, "ఓలమ్మో పెద్దమ్మా, ఒక మాటైనా సెప్పకుండా నన్నొగ్గేసి ఎలిపోనావా" అని రాగం తీసింది. నా నోట్లో సూదులు, మాట రాదు. మా అత్త కళ్ళు తెరవకుండా, "ఎక్కడికీ పోలేదు గానీ నెత్తళ్ళు తెచ్చేవేటి?" అంది. ఆ చేపలామె గంప అక్కడే వదిలేసి వీధి చివరిదాకా పరుగెత్తింది. తిరిగొచ్చాక కూడా మా అత్త చెయ్యి గిల్లి చూసి గానీ చేపలు ఇవ్వలేదు.

అంతా నవ్వులాటగానే ఉండేది, శనివారం మధ్యాహ్నం మా అత్త ఆ జాకెట్టు "ఒక్కసారి సూసుకుంటాను" అని తొడుక్కోకపోతే. గూట్లో చేతి అద్దం తీసి ముందు మెడ చూసుకుంది. తర్వాత ఒక చెయ్యి చాపి చూసుకుంది, తర్వాత రెండోది. మంచం మీద గోడకి వీపు ఆనించి కూర్చుంది. అంతే, ఇక విప్పలేదు. నేను పిల్ల గౌను మెడ విప్పి ఉంచుకుని, కత్తెర చేత్తో పట్టుకుని ఆ మంచం చుట్టూ తిరుగుతున్నాను. చీకటి పడుతోంది. షాపులు మూసే వేళ అవుతోంది. రేపు తెల్లారితే పూజ. అక్కడి నుంచి వచ్చిందే మొదట నేను చెప్పిన చెదల మాట.

మాట మీద మాట పెరిగింది. "నా కళ్ళు పోసి అల్లేను" అని ఆమె, "నా కళ్ళు పోయేలా కుడతన్నాను" అని నేను. "నీ కూతురికి అక్కర్లేదే, నీకే కావాలి. పదిమందికి నీ కుట్టు సూపించుకోడానికి నా లేసు కావాలి" అని ఆమె అసలు చోట పొడిచింది. నేనూ అసలు చోట వెతికి పొడిచాను. "ఏసుకో అత్తా, ఏసుకుని పెట్టెలో పడుకో. ఊరంతా వత్తారు, సూత్తారు, ఎంత బాగుందో అంటారు. నువ్వు సూడవు. ఆ రోజు నీ కళ్ళు మూసుకునే ఉంటాయి" అన్నాను.

 మా అత్త చేతికున్న లేసు అంచు పట్టుకుని ఒక విసనకర్రని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. తర్వాత నెమ్మదిగా, "అయితే రేపే ఏసుకెల్తాను" అంది.

"ఎల్లు. పైన ముసుగు ఉంటాది. ఎవలికి కనబడతాదేటి?"

ఈ మాట ఎందుకన్నానో మీకు తెలియాలి. గుడిలో ఆడవాళ్ళు చీర కొంగు తల మీదుగా కప్పుకుని ముందుకి లాక్కోవడం మా ఆచారం. కప్పుకుంటే మెడ, చేతులు, అన్నీ లోపలే. ఈ ఆచారం విషయంలో మా అత్తని మించినవాళ్ళు మా విచారణలో, అంటే మా ఫాదరు గారి కిందున్న ఊళ్ళన్నిట్లో, లేరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి పూజ మధ్యలో నా కొంగు జారితే, అందరిలో లేచి వచ్చి, నా నెత్తి మీద ఆ కొంగు మొట్టికాయలాగ వేసి వెళ్ళింది. ఫాదరు గారు చదువుతున్న సువార్త ఆపి చూశారు. అప్పటి నుంచి నా కొంగు జారలేదు. ఆ లెక్క కూడా ఆ సాయంత్రం తీర్చుకున్నాననుకున్నాను.

మా ఆయన పని నుంచి వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, పిల్లని సైకిలు మీద కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డుకి పోయాడు. సగం షట్టరు దించిన షాపులో దూరి మెరుపుల నైలాను లేసు తెచ్చారు. పిల్ల మొహం చూడాలి మీరు. నేను ఆ లేసుని మిషను మీద పెట్టి, పళ్ళు కొరుకుతూ తొక్కాను. (ఒక్క అంగుళం కూడా వృథా కాలేదు. కోపంలో కూడా నాకు కత్తెర అదుపు తప్పదు.)

ఇప్పుడు నేనూ నానమ్మనీ అమ్మమ్మనీ అయ్యాను. ఆ లేసు చివరికి మట్టికీ దక్కలేదు, నా పిల్లలకీ దక్కలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా అత్తే వేసుకుని వేసుకుని, గంజి పెట్టి ఉతికి ఉతికి, ముడులు ఒక్కొక్కటే విడిపోయి, ఆమె పోయేనాటికి అది చేత్తో పడితే దారపు పోగుల్లా రాలింది. మామూలు తెల్ల జాకెట్టుతోనే పంపాం. గౌన్లకి నైలాను లేసు వేయించుకోవడానికి మాత్రం ఆ పూజ చూసినవాళ్ళు నా దగ్గరికి బాగానే వచ్చారు. నా పేరు అలా నిలబడింది, చేతి లేసు పుణ్యాన కాదు. మొన్న మా పెద్దపిల్ల ఫోను చేసి, దాని కూతురికి సత్ప్రసాదం గౌను కుట్టమని చెప్పి, "అమ్మా, చేత్తో అల్లిన లేసు ఎక్కడైనా దొరుకుతుందా, ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు" అంది. చేపల వల కావాలా అన్నాను. దానికి గుర్తు లేదు. ఫోను పెట్టేసి చాలాసేపు నాలో నేను నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళ వయసులో, నోట్లో సూదులు, చేతిలో కత్తెర పెట్టుకుని, ఒక ముసలిదాని మంచం చుట్టూ తిరుగుతున్న ఆ మనిషిని ఇప్పుడు చూస్తే, చెయ్యి పట్టుకుని ఒక పక్కన కూర్చోబెట్టి, కాసిని మంచినీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది. తాగేది కాదనుకోండి.

ఆ తగువు మర్నాడు ఉదయం జరిగింది ఇది. పూజకి అందరం నడిచే వెళ్ళాం. మా అత్త ముందు, మా ఆయనా పిల్లలూ మధ్యలో, నేను వెనక. మాటల్లేవు కాబట్టి గుడిలో చాప మీద ఆమె ఒక వరసలో కూర్చుంటే నేను ఆమె వెనక వరసలో కూర్చున్నాను. తల మీద నుంచి కొంగు నిండా కప్పుకుని ఉంది. అనుకున్నట్టే ఏమీ కనబడటం లేదు. పిల్లలు కొవ్వొత్తులతో ముందుకెళ్ళి సత్ప్రసాదం తీసుకున్నారు. మా పిల్ల మెడ చుట్టూ నైలాను మెరుపులు. నా పక్కావిడ ఒంగి, "గౌను ఎవరు కుట్టేరమ్మా, లేసు ఎంత బాగుందో" అని గుసగుసగా అడిగింది. నేనే అన్నాను.

పిల్లల తర్వాత పెద్దవాళ్ళ వరస. మా అత్త మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నిలబడ్డాక, తల మీది కొంగు రెండు చేతులా తీసేసింది. తీసి, చుట్టి, నడుముకి దోపుకుంది, నాట్లకి దిగే మనిషిలాగ. ఆడవాళ్ళ వైపు అంతా తలలు తిరిగాయి. ఎవరో దగ్గారు. మెడ చుట్టూ లేసు, రెండు చేతులకీ లేసు, పాల తెలుపు పక్కన గంజి తెలుపు, అన్నీ బయటపెట్టుకుని, చేతులు జోడించి, ఆ చివరిదాకా నడిచింది. తొందరేమీ పడలేదు. నోరు తెరిచింది, ఫాదరు గారు ఒక్క క్షణం ఆగి, పెట్టారు. అంతే నెమ్మదిగా తిరిగి వచ్చి నా ముందు మోకరించింది. కొంగు పైకి లాక్కోలేదు.

మెడ వెనక నా కచ్చా కుట్టు ఒకటి తెగి, రెండు విసనకర్రలు వీపు మీదికి వేలాడుతున్నాయి. నా పైట అంచుకి దారం ఎక్కించిన సూది ఎప్పుడూ గుచ్చి ఉంటుంది. తీశాను. ముందుకి జరిగాను.

"పీకతన్నావేటి?" అంది తిరగకుండా, పెదవులు కదపకుండా.

"కుడతన్నాను. కదలకు."

కదల్లేదు. అందరూ కృతజ్ఞతా ప్రార్థన చెబుతున్నారు. అది పూర్తయ్యేలోపల మెడ వెనక భాగం అంతా కుట్టేశాను. ఈసారి కుట్లు దగ్గర దగ్గరగా వేశాను.